సలిపే మాట

పుష్ప మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉంటది. ముదిగొండలో మేముండే ఇల్లు రెండు వాటాలు. రోడ్డు వైపు వాటాలో నేను మిషన్ వేసుకుని జాకెట్లు కుడతా. వెనక వాటాలో పుష్ప, ఆమె పెనిమిటి కోటేష్. కోటేష్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పుష్ప ఊరి బయట మిర్చి యూనిట్‌లో పని చేస్తది. ఎండు మిర్చి తొడిమలు తీసి, తెల్లబడ్డ తాలు కాయలు ఏరేసి, పొడి కొట్టి బయటి దేశాలకు పంపే కంపెనీ అది. దానికి వచ్చే ఇంగ్లీషు మెయిళ్లు చదివేది, జవాబులు రాసేది, బస్తాల మీద అంటించే లేబుళ్లు సరిచూసేది పుష్పే.

పుట్టింది జూలూరుపాడు దగ్గర అడవి అంచు తండాలో. తండ్రి దేవ్లా, తల్లి కమ్లి. పత్తి, మిర్చి వేసుకుని బతికినోళ్లు. ఇంట్లో లంబాడి మాట, బడిలో తెలుగు. ఇంగ్లీషు మాత్రం పుష్ప తనంతట తాను పట్టుబట్టి నేర్చుకున్నది. బీఈడీ చేసి పదేళ్లు ప్రైవేటు బళ్లలో ఇంగ్లీషు టీచరుగా చేసింది. కరోనాలో ఆఖరి బడి మూతబడి మళ్లీ తెరవలేదు. అట్ల వచ్చి ఈ యూనిట్‌లో చేరింది. ఆమెలో నాకు ఒకటి మాత్రం ఎప్పుడూ వింతగా ఉండేది. ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఒక్కో మాటకు ముందు పెదవులు చప్పుడు లేకుండా కదిలించుకునేది. మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాకే బయటికి వదిలేది. పదేళ్లు పాఠాలు చెప్పిన మనిషికి గంత భయమెందుకో నాకు అర్థం కాలేదు. అడుగుదామనుకుని ఊరుకున్న.

ఈ ఏడు జనవరి ఆఖర్ల ఆ యూనిట్‌కు కొరియా నుంచి ఒకామె వచ్చింది. పేరు సన్‌హీ. యాభై మూడేళ్లుంటయ్. మన మిర్చి కొనే కొరియా కంపెనీ తరఫున నాలుగు నెలలు ఇక్కడే ఉండి ప్రతి లాటులో తేమ, రంగు, బూజు పరీక్ష చేసి, బాగుంటేనే సరే అనాలె. పొట్టిమనిషి, కత్తిరించిన జుట్టు, ఎప్పుడూ తెల్ల కోటు. యూనిట్ గేటు దగ్గరికి పోతేనే మనకు తుమ్ములు మొదలైతయ్. ఆమె మాత్రం కారం కుప్పల మధ్య ముక్కు తుడుచుకోకుండా తిరిగేదట.

సన్‌హీకి ఇంగ్లీషు చదవడం వచ్చు, రిపోర్టులు రాయడం వచ్చు. మాట్లాడాలంటేనే తడబాటు. అందుకే మేనేజర్ ఉదయ్ భాస్కర్ సారు పుష్పకు ఇంకో పని ఒప్పజెప్పిండు. రోజూ సాయంత్రం నాలుగింటికి, టీ తాగినాక, ఒక గంట ఆమెతో ఇంగ్లీషు మాట్లాడాలె. సన్‌హీ ఫోన్‌లో కొరియావాళ్ల కోసం చేసిన ఇంగ్లీషు పాఠాలున్నయ్. రోజుకొక కొత్త మాట వస్తది, కింద కొరియా భాషలో అర్థం ఉంటది. ఆ మాటతో ఆమె ఒక వాక్యం కట్టాలె, పుష్ప దిద్దాలె. ఇద్దరికీ జల్దీగానే దోస్తీ కుదిరింది. ఇంటికొచ్చి పుష్ప ఆ కబుర్లన్నీ నాకు చెప్పేది. వాళ్లు మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, నేను విన్నది తెలుగులో. నాకు తెలిసినట్టే మీకు చెప్తున్న.

మార్చి మొదట్లో ఒకరోజు పుష్ప దిగులుగా వచ్చింది.

"కొరియా మేడం ఆఫీసు రూముకు రావట్లే అక్కా. టీ కూడా ఫ్లాస్కుల తనే తెచ్చుకుంటాంది. లాటు బాగుంటే చీటీ మీద 'ఓకే' అని రాసి పంపిస్తది, లేకుంటే 'నాట్ ఓకే'. అంతే. ఉదయ్ సారుకు నిద్ర పడతలే. మిర్చిలో ఏమన్న తేడా వచ్చిందేమోనని భయపడుతుండు."

"మరి నీతో?"

"నాతో మంచిగనే ఉంది. కానీ సారు పేరెత్తితే మొహం మాడ్చుకుంటది. 'ఏమైందో కనుక్కోమ్మా పుష్పా' అని సారు నా వెంట పడుతుండు."

మర్నాడు ఆ సంగతి పాఠంలోనే బయటపడ్డది. ఆ రోజు సన్‌హీ ఫోన్‌లో వచ్చిన మాట 'ర్యాంకిల్'. కొరియా అర్థం చదువుకుని ఆమె నోటుబుక్కులో రాసిన వాక్యం ఇది: "ఐ ర్యాంకిల్ మిస్టర్ ఉదయ్."

పుష్పకు ఆ వాక్యం తప్పని తెలిసింది. ఎందుకు తప్పో చప్పున చెప్పలేకపోయింది. ఆ మాటను ఎక్కడో చదివింది గాని ఎన్నడూ వాడలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఆమెకు రాదు. "రేపు చెప్తా మేడం" అన్నది.

ఇంటికొచ్చి పాత డిక్షనరీ తీసి, ఫోన్‌లో కూడా వెతికి, పుస్తకం పట్టుకుని నా దగ్గరికే వచ్చి కూర్చుంది. నా బొటనవేలికి ఆ వారం గోరుచుట్టు లేచింది. నిమ్మకాయ తొడుక్కుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మిషన్ ముందు ఊరికే కూర్చున్న.

"అక్కా, ఎవరో ఎప్పుడో ఒక మాట అంటరు. అప్పుడే తిట్టుకుంటే అయిపోయేది. అట్ల కాక లోపల ఉండిపోతది. ఏండ్లు గడిచినా అప్పుడప్పుడు బాధ పెడతది. కోపం అంటే కోపం కాదు, పగ అంటే అంత పెద్దదీ కాదు. దాన్ని తెలుగులో ఏమంటరు?"

నా ధ్యాసంతా వేలి మీదుంది. "ఏమో పిల్లా, నాకు ఈ వేలు ఒకటే సలుపుడు. పొద్దటి నుంచి ఏం ఆలోచన వస్తలేదు" అన్న.

పుష్ప డిక్షనరీ మూసేసింది. "గదే అక్కా! సలపడం! ఈ బుక్కుల కూడా గదే రాసిండ్రు, పూర్వం ఈ మాట పుండ్లకే వాడేటోళ్లంట." నా వేలు పట్టుకుని ఊపబోయింది, నేను కెవ్వుమన్న.

తెల్లారి పాఠంలో ఆమె సన్‌హీకి ఎట్ల చెప్పిందంటే, ముందు తన బొటనవేలు చూపించి నా గోరుచుట్టు కథ చెప్పిందట. "వేలు నొప్పి చేస్తదా, మనం చేస్తమా? నొప్పే చేస్తది. మనం ఊరికే కూర్చున్నా అది ఆగదు. ఈ మాట కూడా అంతే. 'ఐ' తోటి మొదలుపెట్టొద్దు. మిమ్మల్ని బాధ పెట్టిన మాటో, పనో ముందు రావాలె. అది ర్యాంకిల్ చేస్తది. మనం కాదు."

సన్‌హీ తన వాక్యంలోని 'ఐ' చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. "అయితే ఇది నేను చేసే తప్పు కాదా?" అని అడిగింది.

"తప్పేంది మేడం?"

"మా భాషలో ఇట్లాంటివి మనసులో పెట్టుకునేవాళ్లను లోపల ఇరుకైన మనిషి అంటారు. మూడు వారాలుగా నన్ను నేను అదే అనుకుంటున్నాను. ఇంత చిన్న మాటకు ఇంత బాధేమిటి, నేను ఇరుకు మనిషినే అని."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. గుంటూరు నుంచి వ్యాపారులు నలుగురు యూనిట్ చూడటానికి వచ్చిన రోజు, ఉదయ్ భాస్కర్ ఆమెను చూపించి "ఈమె మా కొరియన్ ఆంటీ. ఆంటీ సరే అనందే ఒక్క బస్తా గేటు దాటదు" అన్నడట. అందరూ నవ్విన్రు. సన్‌హీకి ఆంటీ అనే మాట తెలుసు. వాళ్ల దేశంలో దానికి సరిపోయే మాట ఇంకొకటి ఉంది. పేరు తెలియని ఆడమనిషిని, కూరగాయలు బేరమాడే ఆమెను, బస్సులో సీటు కోసం తోసుకొచ్చే ఆమెను పిలిచే మాట. "ఇరవై ఆరేళ్లు ల్యాబులో పనిచేశాను. నా పేరు అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. ఆ నలుగురి ముందు నేను ఆంటీనయ్యాను" అన్నదట.

పుష్ప నవ్వలేదు. "ఇప్పుడు వాక్యం కట్టండి" అన్నది. సన్‌హీ కొట్టివేసి, మళ్లీ రాసింది: "ద వర్డ్ ఆంటీ స్టిల్ ర్యాంకిల్స్." చదివింది. ఇంకోసారి చదివింది. నాలుగోసారి చదివేసరికి ఆమె గొంతు నిలబడ్డదట. "ఈ వాక్యం ఆయనతో చెప్పొచ్చా? కోపంగా ఉన్నట్టు ఉంటుందా?" అని అడిగింది. "కోపం లేదు మేడం దాంట్లో. నొప్పి ఉంది. నొప్పి చెప్పుకోవచ్చు" అన్నది పుష్ప.

ఉదయ్ భాస్కర్ సారును ల్యాబుకు పిలిచిన్రు. ఆయన చేతులు తుడుచుకుంటూ, ఏ లాటు పోయిందోనని మొహం పీక్కుపోయి వచ్చిండు. సన్‌హీ లేచి నిలబడి వాక్యం మొత్తం తప్పులేకుండా చెప్పింది. ఆయన తలూపిండు. తర్వాత మెల్లగా పుష్ప వైపు వంగి, "ర్యాంకిల్ అంటే ఏంటమ్మా?" అని అడిగిండు.

"సలుపుతాందంట సార్. మీరు వాళ్ల ముంగట ఆంటీ అన్న మాట."

"ఆంటీ అన్నానా? అయ్యో, మర్యాదకే కదా అన్నాను! మన దగ్గర అందరినీ..." అని మొదలుపెట్టిన ఆయన అక్కడే ఆగిపోయిండు. "మా ఆవిడను కూరగాయల బండి అతను ఆంటీ అన్నాడని మూడు నెలల నుంచి ఆ బండి దగ్గర కొనడమే మానేసింది. మా సందు చివరి దాకా నేనే నడిచి వెళ్లి తెస్తున్నాను" అన్నడు.

పుష్ప అది ఇంగ్లీషులో చెప్పింది. సన్‌హీ ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. ఆ యూనిట్‌లో ఆమె అట్ల నవ్వడం అదే మొదటిసారి. తొడిమలు తీసే ఆడవాళ్లు కూడా పని ఆపి కిటికీల్లోంచి తొంగి చూసిన్రట. ఉదయ్ సారు రెండు చేతులూ జోడించి తప్పయిందన్నడు. ఏమని పిలవమంటారని అడిగిండు. మన దగ్గర పెద్దవాళ్ల పేరు పక్కన ఏదో పెడతారు కదా, అది కావాలన్నది ఆమె. ఆ సాయంత్రం నుంచి యూనిట్ మొత్తానికీ ఆమె 'సన్‌హీ గారు' అయింది. మర్నాడు పొద్దున ఆమె ఆఫీసు రూములోకి వచ్చి కూర్చుని, టీ తీసుకున్నది. మిర్చికి ఏమీ కాలేదని తెలిసిన ఉదయ్ సారు ఆ పూట అందరికీ సమోసాలు తెప్పించిండు.

ఇంతవరకు పుష్ప నాకు నవ్వుకుంటనే చెప్పింది. తర్వాత రోజు పాఠంలో జరిగింది చెప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది ఆమెకు.

సన్‌హీ అడిగిందట: "నా వాక్యం అయిపోయింది. ఇప్పుడు మీ వాక్యం చెప్పండి."

పుష్ప, పక్కింటి కుక్క రోజూ మొరగడం గురించి ఏదో ఒకటి కట్టి చెప్పింది. సన్‌హీ తల అడ్డంగా ఊపింది. "ఇది పుస్తకం వాక్యం. మీది కాదు."

అప్పుడు పుష్ప ఎవ్వరికీ, కోటేష్‌కు కూడా చెప్పనిది ఆ కొరియా ఆమెకు చెప్పింది. తర్వాత నాకు చెప్పింది.

పదో తరగతి పుష్ప ఏన్కూరులో ఒక ప్రైవేటు బడిలో చదివింది. ఆ బడి ఇప్పుడు లేదు. ఇంగ్లీషు చెప్పేది ప్రమీలారాణి మేడం. పుష్ప అంటే ఆమెకు ఇష్టం. వార్షికోత్సవానికి ఇంగ్లీషులో స్వాగతం పలికే పని పుష్పకిచ్చింది. ఇరవై రెండు వాక్యాలు. నెల రోజులు పుష్ప తండా నుంచి బస్టాపు దాకా పత్తి చేల వెంట నడుస్తూ పైకే చెప్పుకునేది. ఆ రోజు దేవ్లా, కమ్లి పొద్దున్నే బయల్దేరి వచ్చి ముందు నుంచి రెండో వరుసలో కూర్చున్నరు. కమ్లి అద్దాల రైక, గాజులు అన్నీ వేసుకుని వచ్చింది. బిడ్డ ఇంగ్లీషు మాట్లాడుతుంటే చూడాలని.

స్టేజీ పక్కన, ఇంకో రెండు నిమిషాల్లో పిలుస్తరనగా, ప్రమీలారాణి మేడం వచ్చి పుష్ప చేతిలోని కాగితం తీసుకున్నది. పక్కనే నిలబడ్డ ఇంకో అమ్మాయి చేతికిచ్చింది. "నువ్వు కూర్చో పుష్పా. నీ నోట్లో ఇంగ్లీషు సరిగ్గా పలకదు" అన్నది. అంతే. ఆ అమ్మాయి కాగితం చూసి చదివింది. పుష్ప పోయి అమ్మానాన్నల పక్కన కూర్చున్నది. నీ వంతు ఎప్పుడని తండ్రి అడిగితే, టైము లేదని తీసేసిండ్రని అబద్ధం చెప్పింది.

"దెబ్బ కొట్టలే, తిట్టలే అక్కా. ఒక్క మాట. పంతొమ్మిదేండ్లయింది. ఇప్పటికీ నోరు తెరిచే ముందు ఆ మాటే వినిపిస్తది. సరిగ్గా పలుకుతున్ననా లేదా అని చూసుకుంటా. ఒక పెళ్లిలో మేడంను దూరం నుంచి చూసి అన్నం తినకుండనే వచ్చేసిన."

నాకు అప్పుడర్థమైంది ఆ పెదవులెందుకు కదులుతయో.

"మరి కొరియా ఆమె ఏమన్నది?" అని అడిగిన.

"వాళ్ల భాషల దీనికొక మాట ఉందట. నీళ్ల అడుగున పేరుకునే మడ్డికి కూడా అదే మాటంట. కదిలిస్తే నీళ్లన్నీ మురికైతయని భయపడి ఎవ్వరం కదిలించమంట. 'ఆ మేడం బతికే ఉన్నారా?' అని అడిగింది. ఉన్నదన్న. 'ఎంత దూరం?' అన్నది. బస్సుల పోతే గంటన్నర అన్న."

ఆ ఆదివారం మేడం దగ్గరికి పోవడానికి పుష్ప నన్ను తోడు రమ్మన్నది. నా గోరుచుట్టు పగిలి తగ్గింది, నాకూ ఒక పూట బయట తిరిగినట్టుంటదని బయల్దేరిన. ఖమ్మంలో బస్సు మారినం. ఏన్కూరులో దిగినాక ఒక్కటే అన్నది, "గట్టిగ అరిస్తే నువ్వు నన్ను పట్టుకుని బయటికి గుంజుకొచ్చెయ్ అక్కా."

ప్రమీలారాణి మేడం ఇల్లు మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల. భర్త వెంకటరామారావు గారు తలుపు తీసి, స్టూడెంట్ అని చెప్పగానే సంతోషంగా లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, తను పొలం దాకా వెళ్లొస్తానని పోయిండు. మేడం వరండాలో పీట వేసుకుని, మోకాలికి పట్టీ కట్టుకుని, కొత్త చింతపండు గింజ తీస్తున్నది. అరవై ఆరు, అరవై ఏడు ఉంటయ్. కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసింది.

"ఎవరమ్మా? ఏ బ్యాచి?"

"పుష్పను మేడం. జూలూరుపాడు దగ్గర తండా. దేవ్లా బిడ్డను."

మేడం చేతిలో చింతకాయ అట్లనే ఉండిపోయింది. గుర్తుపట్టిందని నాకు వెంటనే తెలిసింది. కూర్చోమన్నది. పుష్ప కూర్చోలేదు. దారిలో ఇంగ్లీషు వాక్యం ఒకటి తయారు చేసుకున్నదట, తర్వాత చెప్పింది. బయటికొచ్చింది మాత్రం తెలుగే.

"మేడం, మీరు యాన్యువల్ డే నాడు నన్నొక మాట అన్నరు. నా నోట్లో ఇంగ్లీషు పలకదని. ఆ మాట ఇంకా నన్ను సలుపుతనే ఉన్నది. మిమ్మల్ని తిట్టడానికి రాలే. మీకు చెప్దామని వచ్చిన."

అరవలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటున్న. మేడం గింజలున్న చాట పక్కకు జరిపింది. చెంబులో నీళ్లతో చేతులు కడుక్కున్నది. తుడుచుకున్నది. చాలా తీరుబడిగా చేసింది ఆ పనంతా. నాకైతే, ఏదో ఒక సాకు వెతుక్కుంటున్నదనిపించింది.

"నాకు గుర్తుంది పుష్పా" అన్నది చివరికి. "ఆ రోజు మన స్కూలు కరస్పాండెంట్ నన్ను పిలిచి, ముఖ్య అతిథికి తెలిసినవాళ్ల అమ్మాయి ఉంది, స్వాగతం ఆమెతో చెప్పించండి అన్నాడు. నేను కుదరదని అనొచ్చు. అనలేదు. ఉద్యోగం పోతుందని కూడా కాదు, ఊరికే మాట పెంచుకోవడం ఎందుకని సరే అన్నాను. అది ఒక తప్పు."

మోకాలి పట్టీ సరిచేసుకున్నది.

"రెండోది అంతకంటే పెద్దది. నీ నోట్లో పలకదని చెప్పమని నాకెవ్వరూ చెప్పలేదు. అది నేనే అన్నాను. నీకు ఏదో ఒక కారణం చెప్పాలి కదా. ఆయన చేయించాడని చెప్పడానికి నాకు నామోషీ. అందుకని ఆ తప్పు తీసుకెళ్లి నీ నెత్తిన పెట్టాను. నీ ఉచ్చారణ నాకంటే బాగుండేది. అప్పుడూ తెలుసు నాకు. తర్వాత ఒక పెళ్లిలో నువ్వు నన్ను చూసి తినకుండా వెళ్లిపోవడం కూడా చూశాను. వెనకాలే గేటు దాకా వచ్చాను. పిలవడానికి నోరు రాలేదు."

పుష్ప అప్పుడు కూర్చున్నది. ఆ చింతగింజల చాట పక్కనే చతికిలపడ్డది. ఏడ్చింది. వెక్కి వెక్కి కాదు, ఏడుస్తూనే మధ్యలో ఊపిరి పెద్దగా తీసి వదులుతాంది. బరువు మూటను తల మీద నుంచి దింపుకున్నాక మనిషి అట్లనే ఊపిరి తీస్తది. నేను చాలాసార్లు చూసిన.

"క్షమించమని అడగడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు" అన్నది మేడం.

"నాకు అదంతా వద్దు మేడం. బాగుండేదని అన్నరు చూడండి, నాకు అదే చాలు."

కొంచెంసేపటికి పుష్ప కూడా చాటలోకి చెయ్యి పెట్టింది. ముగ్గురం చింతపండు గింజ తీసుకుంట కూర్చున్నం. చేతులకు పని ఉంటే మాటలు వాటంతటవే వస్తయ్. ఇప్పుడేం చేస్తున్నావని మేడం అడిగింది. మిర్చి యూనిట్ సంగతి, కొరియా ఆమెకు రోజూ ఇంగ్లీషు చెప్పే సంగతి పుష్ప చెప్పింది. మేడం కళ్లు పెద్దవి చేసింది.

"కొరియా ఆవిడకా? నువ్వా?" అని మోకాలి పట్టీ మీద చెయ్యి కొట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో మెచ్చుకోలు ఎంతుందో ఊరట కూడా అంతే ఉంది. తర్వాత అడిగింది, "ఇందాక తెలుగులో సలపడం అన్నావు. దీనికి ఇంగ్లీషులో సరిపోయే మాట ఏదైనా ఉందా? నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, నాకెప్పుడూ తట్టలేదు."

"ర్యాంకిల్ మేడం."

"స్పెల్లింగ్ చెప్పు."

పుష్ప చెప్పింది. మేడం న్యూస్ పేపర్ అంచు మీద రాసుకుని, ఒకసారి పలికింది. పుష్ప "మేడం, మొదటి అక్షరం కొంచెం సాగదీయాలె" అన్నది, అని వెంటనే నాలిక కరుచుకున్నది. మేడం మారు మాట్లాడకుండా సాగదీసి ఇంకోసారి పలికింది. అప్పుడు ముగ్గురం నవ్వినం.

భోజనం చేసి పోండన్నది మేడం. పుష్ప నా వైపు చూసింది. సరే అన్న. వంకాయ పచ్చిపులుసు, చింతచిగురు పప్పు, పెరుగు. పుష్ప రెండుసార్లు అన్నం పెట్టించుకున్నది. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. ఖమ్మం దాకా నిలబడే వచ్చినం. అయినా ఆమె అలసిపోయినట్టే లేదు. ఫోన్ తీసి వాళ్ల యాడికి, అంటే తల్లి కమ్లికి, లంబాడిలో ఏందేందో చెప్తనే ఉన్నది. బస్సు చప్పుడులో నాకు సగమే వినిపించింది, ఆ సగం కూడా అర్థం కాలేదు. కమ్లి మాత్రం అవతల నుంచి ఇంత గొంతేసుకుని మాట్లాడింది. ఏమన్నదని అడిగితే పుష్ప చెప్పింది, "టైము లేదని తీసేసిండ్రని నేను చెప్పిన మాట యాడి నమ్మలేదంట. కానీ నేను బాధపడతనని అడగలేదంట. ఇప్పుడు తిడుతాంది, ఇన్నేండ్లు కడుపుల పెట్టుకుని ఏం సాధించినవే అని."

సోమవారం పాఠంలో ఈ కథంతా సన్‌హీ గారికి చెప్పింది. సన్‌హీ మధ్యలో ఆపకుండా విన్నది. అయిపోయినాక నోటుబుక్కు తెరిచి, ఇంక ఆ మాట ఇద్దరికీ బాగా వచ్చేసింది కాబట్టి కొత్త మాటకు పోదామన్నదట.

సన్‌హీ మే నెలలో వాళ్ల దేశం పోయింది. పోయేముందు పుష్పకు ఒక పని చూపించి పోయింది. అక్కడ ఆమెతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు ఫోన్‌లో ఇంగ్లీషు నేర్చుకుంటామన్నరు. ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు పుష్ప వెనక వాటా మెట్ల మీద కూర్చుని వాళ్లతో మాట్లాడతది. వాళ్లకు అక్కడ రాత్రి తొమ్మిదైతే మనకు అయిదున్నర. నేను మిషన్ తొక్కుకుంట వింటుంటా, అర్థం కాకపోయినా. ఆమె పెదవులు ముందు కదులుతున్నయా అని మొదట్లో రెండు మూడుసార్లు తొంగి చూసిన. తర్వాత చూడటం మర్చిపోయిన.

మొన్న కోటేష్ నా దగ్గరికి ప్యాంటు కుట్లు ఊడినయని ఇచ్చిపోతూ, గుమ్మంలో నిలబడి గుసగుసగా అన్నడు, "అక్కా, మా ఆమె నిద్రల పండ్లు కొరికేది తెల్సా? పెండ్లయినప్పటి నుంచి. ఎంతమంది డాక్టర్లకు చూపించినా పోలే. నాలుగు నెలలాయె, చప్పుడే లేదు. ఏం మందు ఇచ్చినవో గానీ, నేను కూడా నిద్రపోతున్న."

నేనేం మందు ఇయ్యలేదని చెప్పిన. ప్యాంటు గురువారం తీసుకుపొమ్మన్న.